ఉతికినా పోని ఎరుపు

చచ్చిపోయినవాడి భార్య నా దగ్గరికి వచ్చి, చంపాడని పోలీసులు పట్టుకున్నవాణ్ణి విడిపించమని అడగడం నా అనుభవంలో అదే మొదలు.

పున్నమ్మ జగ్గయ్యపేటలో తొలి బస్సెక్కి తిన్నగా బెజవాడలోని నా డిటెక్టివ్ ఆఫీసు గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. సంచిలోంచి ఒక గళ్ళ తువ్వాలు తీసి నా బల్ల మీద పరిచింది. శుభ్రంగా ఉతికిన తువ్వాలే. మధ్యలో మాత్రం అరచేతి వెడల్పున ఎర్రటి మరక ఉంది.

"మా ఆయనదండి. సూపర్‌వైజరు దశరథరామయ్య గారు టిఫిన్ క్యారియరు, చెప్పులతో పాటు ఇది తెచ్చిచ్చారు. రక్తమనుకుని ఏడ్చుకుంటా ఉతికా. సబ్బు పెట్టా, బూడిద పెట్టి తోమా. పోలా. రక్తమైతే పోవాలిగా బాబూ?"

తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. రక్తం కాదు, ఎర్ర పెయింటు.

"పోలీసులు పట్టుకున్న ఆ జాన్‌బాషాయే చంపాడంటే మీరు నమ్మట్లేదా అమ్మా?"

"మా ఆయన కాలు బెణికితే తగ్గేదాకా సైకిలెక్కించుకుని పనికి తీసుకెళ్ళింది ఆ అబ్బాయే. నిన్న వాళ్ళావిడ మీరాబీ మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాడానికి మొహం చెల్లక అక్కడే నిలబడిపోయింది. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకు తీసుకొచ్చా. సాయంత్రం నందిగామ కోర్టుకు తీసుకెళ్తారంట. ఈలోపు ఏదన్నా చెయ్యండి బాబూ."

ఆమె చెప్పిన సంగతి ఇది. ముక్త్యాల రోడ్డులోని మకరంద సిమెంటు ఫ్యాక్టరీలో వెంకటరత్నం ఫిట్టరు. సోమవారం మధ్యాహ్నం రాళ్ళు పిండి చేసే క్రషర్ తొట్టిలో ఒక బండ ఇరుక్కుంది. తియ్యడానికి వెంకటరత్నం లోపలికి దిగాడు. స్విచ్చి దగ్గరి ఆపరేటరు జాన్‌బాషా క్రషర్ నడిపాడు. సోమవారం రాత్రి వరకూ దాన్ని ప్రమాదమన్నారు. మంగళవారం పొద్దు వాలేసరికి అది ఖూనీ అయింది.

ప్రమాదం ఒక్క రోజులో ఖూనీ ఎలా అయిందో తెలుసుకోవాలనిపించింది. తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని పున్నమ్మతోనే బయలుదేరాను.

*

జగ్గయ్యపేట లాకప్‌లో జాన్‌బాషా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తన కోసం ఏడ్చిన కళ్ళు కావవి.

"వెంకటరత్నంతో నీకు గొడవ ఉందట?"

"ఉందండి. శనివారం క్యాంటీన్లో అందరి ముందూ అరుచుకున్నాం." దాచిపెట్టాలని ప్రయత్నించలేదు. "నేను షిఫ్టు మీద షిఫ్టు చేస్తన్నా. చెయ్యనంటే ఇంటికి పొమ్మంటారు. అన్నేమో 'నువ్వు నిద్రకళ్ళతో స్విచ్చి దగ్గర నిలబడితే నా ప్రాణం మీదికొస్తది' అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. 'అయితే నువ్వు లోపలున్నప్పుడే నొక్కుతా పో' అన్నా. అన్నానండి. కోపంలో అన్నా. ఆ మాటే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది."

"సోమవారం నిద్రకళ్ళతోనే ఉన్నావా?"

"లేదండి. ఆ రోజు అసలు నన్ను స్విచ్చి దగ్గర ఉండనిస్తేగా! మర్నాడు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తాడని రంగులు, సున్నాలు. క్రషర్ ఆగింది కదా, ఊరికే ఎందుకు నిలబడతావని మేనేజర్ గారు నన్ను గేటు దగ్గర దారికి సున్నం గీయమన్నారు. గీసొచ్చా. అప్పటికే రాళ్ళ లారీ వచ్చి హారన్ కొడతంది, నడపమని కేకలేస్తన్నారు. హ్యాండిల్ చూసా. తువ్వాలు లేదు. అన్న పైకొచ్చేశాడనుకుని నొక్కా."

"తువ్వాలేమిటి?"

అతను నా మొహం వింతగా చూశాడు. ఇది కూడా తెలియని మనిషి డిటెక్టివ్ ఎలా అయ్యాడని అనుకుని ఉంటాడు.

"లోపలికి దిగేవాడు తన తువ్వాలు స్విచ్చి హ్యాండిల్ మీద వేసి దిగుతాడండి. వేసినోడే పైకొచ్చి తియ్యాలి. ఇంకోడు ముట్టుకోడు. ఫ్యాక్టరీ పెట్టినప్పట్నించీ అంతే. ఎవరూ రాసి పెట్టింది కాదు."

బయట బెంచీ మీద కూర్చున్న పున్నమ్మకు ఈ మాటలు వినిపించినట్టున్నాయి. అక్కణ్ణుంచే అంది: "ఇళ్ళలో స్నానాల దడి మీద తువ్వాలు వేస్తాం కదా బాబూ, లోపల మనిషున్నారని! అదేనండి. అందరూ మా ఆయన వెయ్యడం మర్చిపోయాడంటన్నారు. దడి మీద వెయ్యకుండా ఏనాడూ చెంబెడు నీళ్ళు పోసుకోని మనిషి, చావు నోట్లోకి దిగుతా మర్చిపోతాడా?"

జాన్‌బాషా తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు. "లేదండి అక్కా. అల్లా సాక్షిగా అక్కడ తువ్వాలు లేదు" అన్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నాకు అనిపించింది. ఇద్దరి మాటా నిజం కావాలంటే ఒక్కటే దారి.

*

క్రషర్ దగ్గర సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వరప్రసాదరావు నాకంటే ముందే ఉన్నాడు. మంచి ఆఫీసరే. ఆయనతో నాకు పాత పరిచయమూ ఉంది, పాత చిరాకూ ఉంది. నేను లంచాలు తీసుకోనివాళ్ళను గౌరవిస్తాను గానీ, తొందరపడేవాళ్ళను భరించలేను. ఆయన రెండు రకాలకూ చెందుతాడు.

"రండి బెజవాడ దాసు గారూ! పోలీసులు కేసు తేల్చేశాక వచ్చే అలవాటు మీకింకా పోలేదు" అన్నాడు.

"తేలింది కేసా, మనిషా అని చూసి పోదామని వచ్చాను."

"నలుగురి ముందు చంపుతానన్నాడు, ఒక రోజు ఆగి చంపాడు. మీకింకేం కావాలి?"

"ఇది ప్రమాదం కాదు, ఖూనీ అని మీకు ముందు చెప్పిందెవరు?"

"ప్రొప్రయిటర్ జగన్నాథరావు గారు కంప్లయింటు ఇచ్చారు. తప్పేముంది?"

తప్పేమీ లేదు. ఈ ఏడే వచ్చిన మేనేజర్ భవానీప్రసాద్ ఆ జగన్నాథరావు గారి అల్లుడని పున్నమ్మ చెప్పిన మాట మాత్రం మనసులో రాసుకున్నాను. ప్రమాదమైతే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ మేనేజర్ని అడుగుతాడు. ఖూనీ అయితే అడగాల్సినవాడు లాకప్‌లోనే ఉంటాడు.

స్విచ్చి దగ్గరికి వెళ్ళాను. గోడకు బిగించిన ఇనప పెట్టె, దాని పక్కన కిందికీ పైకీ కదిలే పొడుగాటి హ్యాండిల్. హ్యాండిల్‌కు కొత్త ఎర్ర రంగు తళతళలాడుతోంది. చుట్టూ చూశాను. కమ్మీలకు పసుపు, తలుపులకు ఆకుపచ్చ. ఎరుపు ఇంకెక్కడా లేదు. రంగులు వేసిన సైదాను పిలిపించాను.

"ఇదెప్పుడు వేశావు?"

"సోమవారం భోజనాల సైరన్‌కి ముందండి. ఆరేదాకా ముట్టుకోవద్దని అందరికీ చెప్పా. అయినా ఎవరో పాడు చేశారు, చూడండి." సైదాకు తన పని చెడిపోయిన బాధ ఇంకా తీరలేదు.

హ్యాండిల్ పైభాగంలో రంగు నున్నగా లేదు. వంగి చూశాను. బట్ట నేత అచ్చు గుద్దినట్టు పడి, అలాగే ఆరిపోయింది. సంచిలోంచి తువ్వాలు తీసి, మరక ఉన్న చోటును దానిమీద ఆనించాను. మరక వెడల్పూ, అచ్చు వెడల్పూ ఒక్కటే.

"వరప్రసాదరావు గారూ, ఇలా వస్తారా?"

ఆయన వచ్చాడు. చూశాడు. మీసం సవరించుకున్నాడు.

"భోజనాల ముందు రంగు వేశారు. భోజనాల తరవాత క్రషర్ ఆగింది. వెంకటరత్నం తువ్వాలు వేసే దిగాడు, అది పచ్చి రంగుకు అంటుకుంది. అతను మళ్ళీ పైకి రాలేదు. మరి తీసిందెవరు?"

"మీ జాన్‌బాషాయే! నాకు సాయం చేస్తున్నారు దాసు గారూ. మర్చిపోయి నొక్కాడంటే ప్రమాదం అనుకునేవాణ్ణి. తువ్వాలు తీసి మరీ నొక్కాడంటే ఉరే."

తెచ్చిన తాడు నేనే ఆ కుర్రాడి మెడకు వేసినట్టయింది. బయట పున్నమ్మ, స్టేషన్ దగ్గర మమ్మల్ని కలిసిన మీరాబీ ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉన్నారు. వాళ్ళ వైపు చూడలేకపోయాను.

"జాన్‌బాషాను ఎక్కడ పట్టుకున్నారు?"

"ఇక్కడే. కేక వినపడగానే తనే ఆపి, ఇక్కడే కూలబడ్డాడట. కదల్లేదు."

"చేతిలో తువ్వాలుందా?"

"లేదు."

"చుట్టుపక్కల?"

వరప్రసాదరావు స్విచ్చి చుట్టూ నేలంతా కలయజూశాడు.

"మరి అది నడుచుకుంటూ టిఫిన్ క్యారియర్ దగ్గరికి వెళ్ళిందా? జాన్‌బాషా గేటు నుంచి వచ్చేలోపే ఎవరో దాన్ని తీసి, పట్టుకుపోయారు."

సూపర్‌వైజర్ దశరథరామయ్య కాస్త దూరంలో నిలబడి ఇదంతా వింటున్నాడు. ఖాకీ చొక్కా, భుజాన తెల్ల తువ్వాలు, నెరిసిన తల. కూలీగా చేరి సూపర్‌వైజరైన మనిషని పున్నమ్మ దారిలో చెప్పింది.

"దశరథరామయ్య గారూ, ఈ తువ్వాలు మీకెక్కడ దొరికింది?"

"క్యారియర్ పక్కనే ఉందండి."

"పక్కనే?"

"పక్కనేనండి." ఆయన నా కళ్ళలోకి చూడలేదు. చెప్పుల వైపు చూసుకుంటూ, "మేనేజర్ గారు రౌండుకొచ్చే వేళైంది. వాయిదా పడ్డ ఇన్‌స్పెక్షను రేపే. నేను లేకపోతే కేకలేస్తారు" అని గబగబా వెళ్ళిపోయాడు.

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అబద్ధం చెబుతుంటే నాకు కోపం కన్నా జాలే ఎక్కువ వస్తుంది. ఆయన్ని పట్టి నిలదీస్తే ఏడుస్తాడు గానీ చెప్పడు. ఆయన భయం నేనంటే కాదు, పోలీసులంటే కాదు. అంతకంటే దగ్గరిది.

పక్కనున్న సైదాను అడిగాను: "మీలో ఎవరికైనా వెంకటరత్నం మీద పగ ఉందా?"

"లేదండి. ఉన్నా తువ్వాలు ముట్టుకోరు. చెయ్యి రాదండి."

చెయ్యి రాదు. మరి చెయ్యి వచ్చినవాడెవడు? నాకు తోచింది చెబితే సీఐ నవ్వుతాడు. చూపించడమే నయం.

"వరప్రసాదరావు గారూ, ఒక్క ఉపకారం చెయ్యండి. ఈ స్విచ్చి ఫ్యూజులు పీకి మీ జేబులో వేసుకోండి. నేను తొట్టిలోకి దిగుతాను. మీరు ఆ గోడ చాటున నిలబడండి. ఎవరు ఏం చేసినా, నేను పిలిచేదాకా నోరు విప్పకండి."

"నాటకాలా?"

"ఈ ఒక్కటి చూసి, అప్పటికీ మీ మాటే నిజమైతే జాన్‌బాషాను నేనే నందిగామ దాకా వెంటబెట్టుకు తీసుకెళతాను."

ఆయన ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు.

వెంకటరత్నం తువ్వాలును విప్పి హ్యాండిల్ మీద వేశాను. నీడన కూర్చున్న పనివాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. నేను ఇనప నిచ్చెన పట్టుకుని తొట్టిలోకి దిగాను.

*

లోపల కింద రెండు ఇనప దవడలు, వాటి మధ్య చీకటి. పక్క రేకుల సందులోంచి స్విచ్చి పెట్టె కనబడుతోంది. ఫ్యూజులు సీఐ జేబులో ఉన్నాయని నాకు తెలుసు. అయినా నిచ్చెన వదల్లేదు. ఆ పైన వేలాడుతున్న గళ్ళ గుడ్డ ఒక్కటే నాకూ ఈ దవడలకూ మధ్య ఉన్నది. రోజూ దాని భరోసా మీదే ఇక్కడికి దిగేవాడు ఆ మనిషి.

బూట్ల చప్పుడు వినిపించింది. భవానీప్రసాద్. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో కాయితాల అట్ట. చెడ్డ మొహం కాదు. మామగారి ముందు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ముందు మాట పడకూడదని తాపత్రయపడే మొహం. వెనకాల రెండడుగుల దూరంలో దశరథరామయ్య.

"ఆ మూల చిమ్మించండి. ఈ డ్రమ్ములు లోపలికి. చూసినవాళ్ళు ఇది ఫ్యాక్టరీ అనుకోవాలి, సంత అనుకోకూడదు..." అంటూ స్విచ్చి ముందు ఆగాడు. "ఈ గుడ్డ మళ్ళీ వచ్చిందేమిటి? కొత్త రంగు మీద! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

చెయ్యి చాచి తువ్వాలు లాగేశాడు. వెనక్కి తిరిగి చూడకుండానే దశరథరామయ్యకు అందించాడు.

హ్యాండిల్ బోసిగా మిగిలింది.

దశరథరామయ్య చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. సగంలో ఆగిపోయింది. తువ్వాలు ఇద్దరి మధ్యా నేల మీద పడింది.

"ఏమయ్యా, పట్టుకోవేం?"

"అది తియ్యకండి బాబు గారూ." ముసలాయన ముందు మెల్లగా అన్నాడు. తరవాత గట్టిగా, క్రషర్ షెడ్డంతా వినపడేలా అరిచాడు. "తియ్యకండి! లోపల మనిషున్నాడు!"

భవానీప్రసాద్ తొట్టి వైపు చూశాడు. నేను నిచ్చెన ఎక్కి తల బయట పెట్టాను. సీఐ గోడ చాటు నుంచి వచ్చాడు.

"మీరెవరు? లోపలికెందుకు దిగారు? మనిషున్నాడని నీకెలా తెలుసయ్యా?" భవానీప్రసాద్ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఆ తువ్వాలు అందుకే వేస్తారండి" అన్నాడు దశరథరామయ్య. "సోమవారం కూడా మీరు ఇట్టాగే తీసి నా చేతికిచ్చారు."

భవానీప్రసాద్ మొహంలో రంగు మెల్లగా ఇంకిపోవడం చూశాను. తను ఏం చేశాడో అతనికి అప్పుడే, అక్కడే, మా అందరి ముందే తెలిసింది. అతని మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను. రాలేదు.

"నాకు... నాకెవరూ చెప్పలేదే!"

"చెప్పబోయానండి. 'బాబు గారూ, అది...' అన్నా. 'నిన్నెవరయ్యా అడిగింది, పద' అన్నారు. పోయిన నెల కన్వేయర్ బెల్టు తెగేలా ఉందని చెప్పినందుకు నన్ను అందరి ముందూ గంటసేపు నిలబెట్టారు కదండీ. మళ్ళీ నోరు రాలేదు. మీరు అటు తిరగ్గానే వచ్చి మళ్ళీ వేసేద్దాంలే అనుకున్నా. మీరు నన్ను గేటు దాకా తీసుకెళ్ళారు. నేను వెనక్కి పరిగెత్తుకొచ్చేసరికి..." ఆయన తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "అది నా రత్నం తువ్వాలు. పారెయ్యడానికి చెయ్యి రాలా. క్యారియర్‌తో కలిపి వాళ్ళావిడకిచ్చా."

షెడ్డు బయట మీరాబీ ఏడుపు వినిపించింది. పున్నమ్మ ఆమెను పొదివి పట్టుకుని ఉంది. తను మాత్రం ఏడవలేదు, దశరథరామయ్యనే చూస్తోంది.

వరప్రసాదరావు జేబులోంచి ఫ్యూజులు తీసి స్విచ్చి పెట్టె మీద పెట్టాడు. గొంతులో వెటకారం పోయింది.

"దశరథరామయ్యా, ఒక్క మాట విను. ఈయనకు తెలియక తీశాడు. నీకు తెలిసి ఊరుకున్నావు. నువ్వు చెప్పింది నేను రాసుకుంటే జాన్‌బాషా బయటికొస్తాడు, నువ్వు లోపలికి పోతావు. ఆలోచించుకో. నేనింకా పెన్ను తియ్యలేదు."

అది బెదిరింపు కాదు. నిజంగానే ఆయన ఆ ముసలివాడికి ఒక అవకాశం ఇస్తున్నాడు. ఒకణ్ణి విడిపించడానికి వచ్చి ఇంకొకణ్ణి అప్పజెబుతున్నాను.

దశరథరామయ్య నేల మీది గళ్ళ తువ్వాలు తీసి, దులిపి, షెడ్డు బయటికి వెళ్ళి పున్నమ్మ చేతిలో పెట్టాడు. తిరిగొచ్చి తన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి హ్యాండిల్ మీద వేశాడు.

"నేను చెప్పడం అయ్యేదాకా దీన్నెవరూ ముట్టుకోకండి" అన్నాడు. "రాసుకోండి సార్. ఇంకొకటి కూడా రాసుకోండి. ఇదంతా సోమవారం సాయంత్రమే పెద్దాయన జగన్నాథరావు గారికి చెప్పా, కాళ్ళ మీద పడి చెప్పా. 'ప్రమాదమంటే మా అల్లుడి మీదికొస్తది, ఫ్యాక్టరీ ఆగిపోద్ది. నువ్వు నోరు మూసుకో, ఖూనీ కింద పోతే ఒక్కడితో పోద్ది' అన్నారు."

భవానీప్రసాద్ పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు. ఈ మాట అతనికీ కొత్తేనని చూస్తే తెలుస్తోంది. వరప్రసాదరావు మొహం నల్లబడింది. ఆయన జేబులో పెన్ను వెతుక్కుంటూ, తన చేత కేసు పెట్టించినవాడి పేరు పళ్ళ మధ్య నలిపాడు.

అప్పుడే గేటు బయట కారు హారన్ మోగింది. జగన్నాథరావు గారి అంబాసిడర్. ఒకసారి మోగింది, ఆగి మళ్ళీ మోగింది, తరవాత ఆగకుండా మోగుతూనే ఉంది.

గేటు తియ్యాల్సిన మనిషి కూడా షెడ్డులోనే ఉన్నాడు. హ్యాండిల్ మీది తెల్ల తువ్వాలు చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు.